కాదన్న గడపకు ఆదివారం పిలుపు

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. ఆ రోజు మొదటి వింత ఏమిటంటే, నన్ను ఎవరూ లేపలేదు. నా అంతట నేనే లేచాను. కిటికీలోంచి ఎండ మంచం కోడు దాకా వచ్చి ఉంది. మా వాడలో ఆదివారం నాడు ఎండ మంచం దాకా వచ్చేవరకు పడుకున్న మనిషి నాకు తెలిసి ఎవరూ లేరు. అవ్వ పడుకోనిచ్చేది కాదు.

ఆమె నాకు సొంత అవ్వ కాదు. మా ఎదురింటి ఆమె. దేవరకొండ పక్కన మా ఊరు. మా వాడ క్రైస్తవ మందిరానికి గంట లేదు, మైకు లేదు. ఆదివారం పొద్దున్నే ఒక మనిషి ఇంటింటికీ తిరిగి, వాకిట్లో నిలబడి, లోపలి వాళ్ళను వరసబెట్టి ప్రార్థనకు పిలవాలి. దాన్నే మేము పిలుపు అంటాము. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పిలుపు ఆమెదే. అందుకే వాడంతా ఆమెను పిలుపవ్వ అనేవాళ్ళు. మందిరం ఊడ్చేది, చాపలు పరిచేది కూడా ఆమే, కానీ ఆ పనుల వల్ల ఆమెకు పేరు రాలేదు.

ఆ పొద్దున పిలుపు లేదు. అప్పుడు మా వాడ ఎంత వింతగా ప్రవర్తించిందో చెప్పాలి. అవ్వకు ఏమైనా అయిందేమోనని ఒక్కరికీ తోచలేదు. ప్రతి ఇంట్లోనూ ఒకే అనుమానం: మా ఒక్క ఇంటికే రాలేదు, మా మీద అలిగింది. మొన్న ఉపవాస కూడికకు పోలేదని కోపం వచ్చిందని ఒక ఇంటివాళ్ళు అనుకున్నారు. మేకను మందిరం కిటికీకి కట్టేసినందుకని ఇంకో ఇంటివాళ్ళు. చింతపండు అడిగితే రేపిస్తానని మరిచిపోయినందుకని మా అమ్మ. బతిమాలుకుందామని కొందరు, గట్టిగా అడిగేద్దామని కొందరు, ఒక్కొక్కరే ఆమె గుమ్మం ముందుకు వచ్చి చేరారు.

"మేమేం పాపం చేసినం? మమ్ముల్నొక్కలనే ఇడిసిపెడతదా?"

"ఏందీ, మిమ్ముల గూడ పిలువలేదా?"

"మిమ్ముల పిలిచిందా?"

"ఏడ పిలిచింది?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్న తర్వాతే ఎవరో తలుపు తోశారు. అవ్వ చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. పిలుపుకు బయలుదేరబోతూ ఒక్క నిమిషం నడుం వాల్చినట్టుంది. అంతే.

నేను ఆ గుంపులో లేను. మా గేటు దగ్గరే నిలబడి మా నాయినను చూస్తున్నాను. ఆయన కూడా పిలుపు వేళకు వాకిట్లోకి వచ్చి ఉన్నాడు. రోడ్డు చివరి దాకా చూశాడు. లోపలికి పోయాడు. మళ్ళీ వచ్చాడు. కాదనడానికి వచ్చిన మనిషికి కాదనడానికి ఏమీ దొరకనట్టు అటూ ఇటూ తిరిగాడు. ఎదురింట్లోంచి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి రావడం చూశాక ఆయన వైపు తిరిగి నేను అన్న మాట ఇది:

"ఇగ రాదు. నీ పీడ పోయింది. సంబురమేనా?"

ఆయన గేటు గడియ తీసి, మళ్ళీ వేసి, లోపలికి పోయాడు.

చదివేవారికి ముందే చెప్పడం మంచిది. పోయిన మనిషిని తలుచుకుంటూ రాసే మాటలు మెత్తగా ఉండాలంటారు. అవ్వ గురించి నా దగ్గర ఉన్నవన్నీ మెత్తని మాటలే. కానీ ఆమెను ఏడిపించిన మనిషి మా ఇంట్లో ఉన్నాడు. ఆ సంగతి దాచి రాస్తే ఈ రాతకు విలువ లేదు.

నాయిన ఒకప్పుడు మా మందిరంలో డోలక్ వాయించేవాడు. అవ్వకు పాట తాళంలో వచ్చేది కాదు. అందరూ చరణం ముగించి ఊపిరి తీసుకునేటప్పుడు ఆమె గొంతు ఒక్కటే ఆఖరి పాదం పాడుతూ ఉండేది. పిల్లలం నవ్వేవాళ్ళం. నాయిన నవ్వేవాడు కాదు. ఆమె వచ్చి అందుకునేదాకా డోలక్ మీద చిన్నగా దెబ్బ వేస్తూ ఆగేవాడు. అట్లాంటి మనిషి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నా తమ్మునికి జ్వరం వచ్చింది. "ముందుగాల దవాఖానకు తోల్కపోండ్రి, ప్రార్థన సంగతి మేం చూసుకుంటం" అని తొందరపెట్టి పంపింది అవ్వే. దేవరకొండలో చూపించారు. నల్లగొండకు పంపారు. అక్కడి నుంచి పట్నం పంపారు. మందిరంలో వాడంతా ఉపవాసం ఉండి మొరపెట్టింది. తమ్ముడు తిరిగి రాలేదు.

వాడిని మట్టి చేసిన తర్వాత వచ్చిన ఆదివారం అవ్వ ఎప్పటిలాగే మా వాకిట్లో నిలబడి పిలిచింది. నాయిన గడప మీదికి వచ్చాడు.

"అవ్వా, ఇంకోపాలి ఆయన పేరు నా వాకిట్ల ఎత్తకు. అడిగినం, మొత్తుకున్నం. ఇనవడలేదంటే చెవిటోడన్న కావాలె, లేనోడన్న కావాలె."

"ఇన్నడు కొడకా."

"ఇని ఏం జేసిండు?"

"ఏడ్సిండు."

"ఏడ్సుడు నాకూ వస్తది. దానికి దేవుడెందుకు?"

అవ్వ అప్పుడు గొప్ప మాట ఏదో చెప్పిందని నేను అబద్ధం రాయను. కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కింటికి పోయింది. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ.

మొదట నాయిన మాటలతోనే తిట్టేవాడు. "నీ దేవుణ్ణి నా వాకిట్లకు తేకు ముసల్దానా" అనేవాడు. "నేను తేలే కొడకా. ఆయనే ముందుగాల వచ్చి నిలవడ్డడు. నేను ఎనుకొచ్చిన" అనేది ఆమె. ఆ మాటతో ఆయనకు ఇంకా మండేది. నన్నూ అమ్మనూ మందిరానికి పోవద్దని మాత్రం ఎన్నడూ అనలేదు. ఇది ఆయన పక్షాన రాయవలసిన మాట కాబట్టి రాస్తున్నాను.

కానీ చచ్చింది ఆయనకు కొడుకైతే నాకు తమ్ముడు. వాడి చిన్న చెప్పులు ఇంట్లో ఎక్కడ తగిలినా నేను కూడా తీసి మళ్ళీ అక్కడే పెడతాను. దుఃఖం మీద ఈయన ఒక్కడికే పట్టా రాసి ఇచ్చారా? నేను ఏ ముసలామెనూ తిట్టలేదు కదా. నా పగ అక్కడ మొదలయింది. పగ. రాస్తే రెండు అక్షరాలే. నేను డిగ్రీలో తెలుగు చదువుతున్నాను. కొత్త మాట ఏది దొరికినా చక్కెర బిళ్ళలా రోజంతా నోట్లో తిప్పుకుంటాను. ఈ మాట ఒక్కటే ఎంత తిప్పినా కరగలేదు.

కుడితి పోసిన ఆదివారం గురించి చెబుతాను. వానాకాలం. అవ్వ పిలుస్తోంది. నేను తయారై ఆమెతో పాటు వాడ తిరగడానికి గేటు దగ్గరికి వస్తున్నాను. నాయిన బర్రె కోసం కలిపిన కుడితి బకెట్ ఎత్తి గేటు మీదుగా కుమ్మరించాడు. అవ్వ తల మీది నుంచి పాదాల దాకా తవుడు నీళ్ళు. చెవి దగ్గర ఒక కూరగాయ తొక్క వేలాడుతోంది. ఆమె దాన్ని తీసి చూసింది. "సొరకాయ వండిన్రా రాత్రి?" అంది.

నేను ఏడుస్తూ చున్నీతో తుడవబోయాను. "ఉండనీ బిడ్డా, అంగలార్సకు. ఇంక శానా ఇండ్లున్నయి" అంది. అంగలార్చడం అంటే గుండెలు బాదుకుని ఏడవడమని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఆ మాట నాకు సరిపోలేదు. నేను ఏడ్చింది దుఃఖంతో కాదు, కోపంతో.

ఇంటికి పోలేదు, చీర మార్చుకోలేదు. తడి చీరతోనే వాడంతా పిలుపు తిరిగింది. "గదేందవ్వా, ఏమైంది?" అని ప్రతి ఇంట్లో అడిగారు. "బోరింగు కాడ జారి కుడితి గోలెంల పడ్డ. ముసలి కాళ్ళు గదా, జర అటిటైనయి" అని ప్రతి ఇంట్లోనూ చెప్పింది. అందరూ నవ్వారు. ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది. పక్కనే నిలబడి నేను పళ్ళు కొరుక్కున్నాను. అవ్వ కుడితి తొట్టిలో పడిన మాట వాడలో కథ అయిపోయింది. నిజం తెలిసింది మా ఇంట్లోవాళ్ళకూ ఆమెకూ మాత్రమే.

పిలుపు ముగిశాక మందిరం గడప మీద కూర్చుని కళ్ళు ఒత్తుకుంది. "నాయిన కోసం ఏడుస్తున్నవా? నీ మీద పోసిండు గదా, నీ కోసం ఏడువు" అన్నాను.

"గిది నా ఏడుపు గాదు బిడ్డా. ఆయన ఏడుపు" అని పైకి చూపించింది. "ఒద్దన్నోళ్ళ కోసం ఆయన ఏడ్సే ఏడుపు శానా బరువుంటది. ఒక్కడే మోస్తున్నడు. నేను జరంత పట్టిన. అంతే."

ఆమె నోట విన్న మాటల్లో ఇది నాకు అన్నిటికంటే నచ్చింది, అన్నిటికంటే నచ్చలేదు కూడా. చెప్పిన తీరు నచ్చింది. అందులోని దేవుడు నచ్చలేదు. నాకు ఏడ్చే దేవుడు వద్దు. లెంపకాయ వేసే దేవుడు కావాలి.

ఆ సంగతి నేను దేవునికే చెప్పాను. మా మందిరంలో ప్రార్థన గొంతెత్తి చేస్తారు. అందరి గొంతులూ కలిసిపోతాయి కాబట్టి ఎవరిది ఎవరికీ వినపడదు. ఒక బుధవారం ఆ గోలలో నేను ధైర్యంగా అడిగాను: మా నాయిన బండి మీది నుంచి పడాలి, కాలు విరగాలి, రెండు కాళ్ళు అక్కర్లేదు, ఒక్కటి చాలు. అవ్వ నా వెనకే కూర్చుని ఉంది. నా భుజం మీద తట్టింది.

"ఇరిగినంక దవాఖానకు ఎవరు తోల్కపోవాలె?"

నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"నువ్వే పోవాలె. పక్కన కూసొని నువ్వే బువ్వ తినిపియ్యాలె. మరి గంత పని నెత్తిన ఎందుకేసుకుంటవే?" అని నోరు మూసుకుని నవ్వింది. ప్రార్థనలో నవ్వకూడదని ఆమే నేర్పింది మాకు.

ఆదివారం మందిరంలో ఆమె ఎప్పుడూ గుమ్మం పక్కనే కూర్చునేది. ఒక కన్ను పాస్టరయ్య మీద, ఒక కన్ను రోడ్డు మీద. వాక్యం పొడుగైతే దగ్గేది. దగ్గు పనిచేయకపోతే నేరుగా అనేది: "అయ్యగారూ, పొయ్యి మీద పప్పు పెట్టొచ్చినోళ్ళున్నరు." పాస్టరయ్య నవ్వి ముగించేవాడు.

పిలుపులో కూడా అందరికీ ఒకే మాట కాదు. కాలేజీ పిల్లలున్న ఇంటి ముందు "ఫోనుకు చార్జింగు పెట్టుకుంటవ్, నీ పాణానికి పెట్టుకోవా? లే కొడకా" అనేది. కొత్తగా పెళ్ళయిన వాళ్ళ ఇంటికి పోయేటప్పుడు దూరం నుంచే రెండు మూడుసార్లు దగ్గుతూ పోయేది. వాడ మొదట్లో రెండు ఇళ్ళవాళ్ళు యాదగిరిగుట్టకు మొక్కేవాళ్ళు. వాళ్ళను ప్రార్థనకు పిలిచేది కాదు కానీ పలకరించకుండా దాటేది కాదు. "గుట్ట ఎక్కి వచ్చిన్రంట, మోకాళ్ళెట్లున్నయి?" అని అడిగేది. వాళ్ళ ఇంట్లో ముసలాయన ఒకసారి "అందరినీ పిలుస్తవ్, ఆ డోలక్ ఆయన నిన్ను తరుముతనే ఉంటడు, ఆడికెందుకు పోతవ్?" అని అడిగాడు. "రానోళ్ళ ఇంటికే గదా పిలుపు. వచ్చేటోళ్ళు ఎట్లనన్న వస్తరు" అంది.

తమ్ముడు పోయిన మరుసటి ఏడు ఈస్టరు అయ్యాక పిల్లలందరినీ దేవరకొండ కోటకు తీసుకుపోయింది. గుట్ట సగం దాకా ఎక్కేసరికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఒక బండ మీద కూర్చుని మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టింది. కింద ఊరంతా కనిపిస్తోంది. బస్టాండు, ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకులు, దూరంగా ఎండిన చేలు.

"గిట్లనే ఒక గుట్ట మీద నిలవడ్డడు ప్రభువు. కింద ఊరు కనవడ్డది. తనను ఒద్దన్న ఊరు. సూసి ఏం జేసిండు, చెప్పుండ్రి?"

"శపించిండు!" అన్నాడు ఒకడు.

"అగ్గి కురిపించిండు!" అన్నాడు ఇంకొకడు.

"ఏడ్సిండు" అంది అవ్వ.

పిల్లల ముఖాలు వాడిపోయాయి. అగ్గి ఉంటుందనుకుని వచ్చిన కథ ఏడుపుతో ముగిస్తే ఎవరికి నచ్చుతుంది? నేను అడిగాను: "అగ్గి కురిపించే తాకతు లేదా అవ్వా ఆయనకు?"

"ఎందుకు లేదు? ఉన్నది."

"మరి?"

"పిల్లగాడు బువ్వ ఒద్దని పళ్ళెం తన్నిండనుకో. తల్లి ఏం జేస్తది? ఇల్లు తగలవెడతదా?"

"ఒక్కటి పీకుతది" అన్నాను.

అందరూ పెద్దగా నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. ఆ తర్వాత అంది: "పీకుతది. పీకి, పిల్లగాడు పండుకున్నంక గా పళ్ళెం ముందర కూసొని తను గూడ తినక ఏడుస్తది. నువ్వు గది సూడలే. పండుకున్నవ్ గదా."

దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని దిగింది. సగం దారిలో ఆగి, పిల్లలకు వినపడకుండా, "మీ నాయిన పళ్ళెం తన్నిండు. ఆకలి లేక గాదు" అంది. నేను చెయ్యి విడిపించుకోలేదు కానీ ముఖం పక్కకు తిప్పుకున్నాను.

ఇప్పుడు బొంద దగ్గర, అంటే అవ్వ సమాధి గుంత దగ్గర, జరిగింది చెప్పాలి.

అవ్వకు పిల్లలు లేరు. తిరుమలగిరి నుంచి ఆమె తమ్ముని కొడుకులు వచ్చేసరికి పొద్దుగూకింది. మట్టి సోమవారం అనుకున్నారు. మా వాడలో బొంద తవ్వడానికి కూలీలను పెట్టరు. ఇంటికొక మనిషి పనిముట్టు పట్టుకుని పోవాలి. ఎవరూ ఎవరినీ పిలవరు. రానివాళ్ళను తర్వాత ఏమీ అనరు కూడా, కానీ వాడ గుర్తు పెట్టుకుంటుంది.

సోమవారం పొద్దున నాయిన గడ్డపార తీసుకుని బయలుదేరాడు. నేను వెనకే పోయాను. సమాధుల దగ్గరికి ఆడపిల్లలు తవ్వే వేళకు పోరు. నేను పోయాను. అప్పటికే కొందరు మగవాళ్ళు కంచె పక్కన గీత గీసి తవ్వబోతున్నారు.

"గాడ వద్దు. రాయి తగుల్తది" అన్నాడు నాయిన. "ఇటు రాండ్రి. ఇక్కడ మొరం జర మెత్తగుంటది."

ఆయన చూపించిన జాగా నా తమ్ముని సమాధి పక్కన. అక్కడ మెత్తగా ఉంటుందని ఆయనకు ఎట్లా తెలుసో అందరికీ తెలుసు. వాడి బొంద కూడా ఆయనే తవ్వాడు. ఆ సంగతి నాకు గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చినా నా కోపం తగ్గలేదు.

గడ్డపార పట్టుకున్నాను. "నాకియ్యి."

"మొరం నేల. నీ చేతులు పగుల్తయి."

"పగలనీ. మన ఇంటి తరఫున నేనున్న. నువ్వు పో."

ఎవరో కేకేశారు: "ఏయ్ పోరీ, నాయిన తోని గట్లనా మాట్లాడేది?"

నాయిన వాళ్ళ వైపు చూడలేదు. నాతో మెల్లగా అన్నాడు: "నేను మీ దేవుని కోసం తవ్వుతలేను. ముసల్ది మంచి మనిషి. మనిషి కోసం తవ్వుతున్న."

"మంచి మనిషని ఇయ్యాల తెలిసిందా?"

ఆయన గడ్డపార వదల్లేదు. తవ్వసాగాడు. ఒకరు తవ్వుతుంటే ఒకరు మట్టి ఎత్తుతున్నారు. చావు పనిలో కూడా మగవాళ్ళు నాలుగు మాటలు చెప్పుకుని నవ్వుకుంటారు కదా. అవ్వ మాటలు ఒకటొకటి వచ్చాయి. పాస్టరయ్యను దగ్గి ఆపిన మాట, కొత్త దంపతుల ఇంటి ముందు దగ్గిన మాట. అటు తర్వాత నేను భయపడిన కథ, నేను ఎదురుచూసిన కథ కూడా వచ్చింది.

"యాది ఉన్నదా, బోరింగు కాడ జారి కుడితి గోలెంల పడ్డది? గా చీరతోనే వాడంత తిరిగింది ముసల్ది. మా ఇంటి ముందర తవుడు వాసన పొద్దుగూకే దాక పోలే!"

అందరూ నవ్వారు. నా గొంతులో నిజం సిద్ధంగా ఉంది. ఎన్నాళ్ళుగానో దాన్ని నూరి పెట్టుకున్నాను. అందరూ ఉన్నారు, ఆయన మధ్యలో నిలబడి ఉన్నాడు, ఇంతకంటే మంచి సమయం రాదు. నోరు తెరిచాను.

"జారలే" అన్నాడు నాయిన.

గడ్డపార నేలకు ఆనించి నిలబడ్డాడు. "బోరింగు కాదు, గోలెం కాదు. నేనే పోసిన. మా గేటు మీదికెళ్ళి. కావాలనే పోసిన."

 తట్ట ఎత్తిన మనిషి ఎత్తినట్టే ఉన్నాడు. తిరుమలగిరి నుంచి వచ్చిన ఆమె తమ్ముని కొడుకు నాయినను చూసి, నేలను చూసి, మళ్ళీ నాయినను చూశాడు. "మరి మా అత్త మాకు గిట్ల చెప్పలేదే" అన్నాడు.

"ఆమె ఎవ్వలికీ చెప్పలే. గందుకే చెప్తున్న" అన్నాడు నాయిన. గడ్డపార ఎత్తి మళ్ళీ నేలలోకి దించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నాది. ఇన్నేళ్ళు దాచుకున్నది. ఆయన ముఖం మీద వేయాలని పెట్టుకున్నది. నా చేతిలోంచి లాక్కుని తనే తన ముఖం మీద వేసుకున్నాడు.

"ఇప్పుడు చెప్తవా?" అని అరిచాను. "ఆమె ఇననీకి లేనప్పుడా?"

"ఆమెకు తెల్వంది ఏమున్నది?" అన్నాడు.  తన వంతు అయిపోయినా గడ్డపార ఎవరికీ ఇవ్వలేదు. ఆ బొంద నలుగురైదుగురి పని, ఎక్కువ పాలు ఆయనే చేశాడు.

మధ్యాహ్నం అవ్వను తెచ్చారు. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టగానే నాయిన గడ్డపార భుజాన వేసుకుని కంచె దాటి బయటికి పోయాడు. తుమ్మచెట్టు కింద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మేమందరం గుప్పెడు గుప్పెడు మట్టి వేశాము. ఆయన రాలేదు. పాట ఎత్తుకున్నారు. డోలక్ లేదు. అందరూ చరణం ముగించి ఊపిరి తీసుకున్నప్పుడు, వెనకబడి పాడే ఆ ఒక్క గొంతు కోసం అందరమూ తెలియకుండానే ఆగాము. ఆ ఖాళీలో తుమ్మచెట్టు వైపు చూశాను. ఆయన వీపు కదిలిందో లేదో దూరం వల్ల చెప్పలేను. కదిలిందని రాస్తే అందంగా ఉంటుంది. నాకు కనిపించలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఆయన నాకు ఒక్క మాట చెప్పలేదు. తప్పయిందని బొంద తవ్వే మగవాళ్ళ ముందు చెప్పడం సులువు. ఆమె పక్కన నిలబడి తడిసిన చున్నీ పిండుకున్న బిడ్డకు చెప్పాలి కదా. దేవుడు ఆయన కోసం ఏడుస్తున్నాడంటే ఏడవనీ. అవ్వ ఉన్నప్పుడు ఆ బరువు సగం ఆమె పట్టింది. నన్ను పట్టమంటే ఇప్పుడు నా వల్ల కాదు.

బుధవారం కూడికలో పిలుపు మాట వచ్చింది. ఇక ఎవరు తిరగాలి?

"వాట్సాప్ గ్రూపుల మెసేజ్ పెడితే అయిపాయె" అన్నాడు ఒకాయన. "మైకు పెడదాం" అన్నాడు ఇంకొకాయన. పాస్టరయ్య ఏమీ తేల్చలేదు. నేను లేచి నిలబడి, నేను తిరుగుతానన్నాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. వాట్సాప్ మెసేజ్‌కు కాదనడం ఎంత సులువో తలుచుకుంటే కోపం వచ్చింది. చూడకుండా తుడిచేయవచ్చు. అంత సులువుగా ఎవరూ తప్పించుకోకూడదు.

ఇంటికి వచ్చే దారిలో అమ్మ అడిగింది.

"మరి మనింటికి?"

"మనింటికే మొదలు."

"లోపట్నే లేపరాదే. ఒక్క ఇంట్లనే ఉంటిమి."

"సాలదు. గేటు బయట నిలవడాలె. అవ్వ ఏడ నిలవడ్డదో ఆడనే."

"నీళ్ళు పోస్తే?"

"పొయ్యనీ. తడిబట్టలతోనే వాడంత తిరుగుత. ఎవరడిగినా ఎవరు పోసిన్రో చెప్త. నాకు దాచిపెట్టుడు రాదు."

అమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "నీకంత మీ నాయిన పోలికే వచ్చింది" అంది. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఇంటి దాకా ఆమెతో మాట్లాడలేదు.

ఇవాళ శనివారం. ఇది రాస్తుంటే నాయిన వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. రేపు నేను పిలుపు తిరుగుతానని వాడంతా అనుకుంటోంది కాబట్టి ఆయనకూ తెలిసే ఉంటుంది. అడగలేదు. నేను చెప్పలేదు. అవ్వ ఏడ్చుకుంటూ పిలిచింది. నాకు ఆ ఏడుపు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగితే ఆదివారాలు ఆగవు. పళ్ళు కొరుక్కుంటూనే పిలుస్తాను. నా గొంతులో ఉన్నది పగ అని దేవునికి తెలుసు. దాన్ని ఏం చేసుకుంటాడో ఆయన ఇష్టం.

రేపు పొద్దున పాలబండి రాకముందే వెనక తలుపు నుంచి బయటికి పోతాను. సందు చుట్టి వచ్చి మా గేటు ముందు నిలబడతాను. మొదట నాయినను పిలుస్తాను. ఆయన బయటికి వచ్చి, నా ముఖం చూసి, రానని తన నోటితో చెప్పేదాకా రెండో ఇంటికి కదలను.